చెప్పుల విమానం

మాచర్ల బస్టాండు వెనక వీధిలో పురుగుమందు స్ప్రేయింగ్ ఇంజిన్లు బాగుచేసే భాయ్ పోయాడని పేపర్లో వేశారు. జిల్లా పేజీలో, కింది మూల, ఐదు వాక్యాలు. ఆ ఐదు వాక్యాల్లో ఆరు తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టాను. వయసు తప్పు. వీధి పేరు తప్పు. అతని షాపులో తయారైన చిన్న విమానం రెక్కల పొడవు తప్పు. అది ఎగిరిన క్వారీ ఉన్న ఊరు తప్పు. అతనొక్కడే దాన్ని తయారుచేశాడన్నది ఐదో తప్పు. ఆరోది ఇలా ఉంది: 'బురదలో ఇరుక్కున్న చెప్పును చూసి, విమానం నీళ్లను వదిలి పైకి లేచే కిటుకు కనిపెట్టిన ప్రతిభాశాలి.'

ఆ చెప్పు నాది. ఆ సంగతి వార్తలో లేదు.

తప్పులు దిద్దమని పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కాగితం మీదకి తొంగి చూసింది.

"చచ్చిపోయినాయన మీద గూడా అర్జీనా?"

"ఆయన మీద కాదు. పేపరు మీద."

"మీకు తేడా తెలుసేమో, నాకైతే తెలవట్లా," అని లోపలికి వెళ్లింది.

నేను ఈ ఊరి హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఎంతమందికి ఎన్ని వ్యాసాలు దిద్దానో లెక్కలేదు. అయినా ఊళ్లో నన్నెవరూ ఇంగ్లీషు మాస్టారు అనరు. అర్జీ మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టింది ఆ భాయే.

అతని షాపు ముందు మురిక్కాలవకు మూత ఉండేది కాదు. మూత వేయమని నేను మున్సిపాలిటీకి పదకొండు అర్జీలు పెట్టాను. పన్నెండోది రాసుకుని అతని సంతకం కోసం వెళ్లేసరికి కాలవ మీద రెండు నాపరాళ్లు పరిచి, వాటి మీద స్టూలు వేసుకుని కూర్చుని టీ తాగుతున్నాడు.

"రాండి సారూ, రాండి. మీ అర్జీ మీదే కూర్చున్నా," అన్నాడు.

ఇంజిన్ల కోసం వచ్చిన రైతులంతా నవ్వారు. వాళ్లతో పాటు నవ్వలేక, కోప్పడలేక, ఆ నాపరాయి మీదే నిలబడి అతనిచ్చిన టీ తాగాను. రాయి బాగానే పరిచాడు. కాలు వేస్తే కదల్లేదు.

పొట్టి మనిషి. మాట నెమ్మది. ఇంజిన్ తెచ్చి ముందు పెడితే వెంటనే విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఏమైందని ఎవరడిగినా ఒకటే జవాబు: "ఆగు, అదే చెప్పుద్ది." అతని కుడి చేతి బొటనవేలు ఏదో దెబ్బకు చప్పిడై వెడల్పుగా ఉండేది, మధ్యలో అడ్డంగా ఒక కోత మచ్చ. ఇంజిన్ బాగయ్యాక ఆ వేలిని గ్రీసులో అద్ది పెట్రోలు ట్యాంకు మీద ఒక ముద్ర వేసేవాడు. నల్లటి ముద్ర, మధ్యలో తెల్లటి గీత. పని పూర్తయిందని గుర్తు. వెల్దుర్తి వైపు రైతులు ఆ ముద్ర తుడవరు. "భాయ్ వేలు పడింది, ఈ సీజనుకి ఢోకా లేదు" అనుకుంటారు. నేను నిండు సంతకం పెట్టి పంపిన అర్జీలు ఏ బీరువాల్లో ఉన్నాయో దేవుడికే తెలియాలి. అతని వేలిముద్రలు మాత్రం మిరప చేలల్లో, పత్తి చేలల్లో తిరుగుతూనే ఉంటాయి.

అతనిలో నాకు అస్సలు నచ్చని గుణం ఒకటుంది. ఎదుటివాడు తప్పు చెబుతున్నాడని తెలిసినా కాదనడు. ఒకసారి వెల్దుర్తి నుంచి ఓ రైతు వచ్చి, "ప్లగ్గు పోయింది భాయ్, ప్లగ్గు మార్చు" అని పట్టుబట్టాడు. అతను అప్పటికే స్క్రూడ్రైవరుతో విని ఉన్నాడు. ప్లగ్గు కాదని అతని ముఖం చూస్తే నాకే తెలుస్తోంది. అయినా మాట్లాడకుండా ప్లగ్గు మార్చి తాడు లాగాడు. ఇంజిన్ పలకలేదు.

"ఏమంటంది?" అన్నాడు రైతు.

"ప్లగ్గు కాదంటంది."

రైతు గడ్డం గోక్కున్నాడు. "మరైతే కార్బురేటర్లో చెత్త పడిందేమో చూడు."

"నువ్వు చెప్పినావుగా, చూస్తా," అని కార్బురేటరు విప్పి, కడిగి, తాడు లాగాడు. ఇంజిన్ అందుకుంది. జబ్బు కనిపెట్టింది తానేనన్న గర్వంతో ఆ రైతు ఇంజిన్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఇది మోసం కాదా?" అని అడిగాను.

"మోసమేముంది సారూ? ఇంజిన్ బాగైంది. రైతు గూడా బాగై పొయ్యాడు."

ఇక విమానం సంగతి. ఎనిమిదేళ్ల కిందట పాత పేపర్ల కొట్లో తూకానికి ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. అట్ట లేదు. విమానాలు కొత్తగా వచ్చిన రోజుల్లో నౌకాదళాలు వాటిని సముద్రం మీద నుంచి లేపడానికి పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. చక్రాలు తీసేసి, వాటి స్థానంలో రెండు పొడవాటి పెట్టెలు బిగించేవారు. విమానం ఆ పెట్టెల మీద తేలుతూ పరుగెత్తి గాల్లోకి లేవాలి. పొట్ట కింద టార్పెడో, అంటే నీళ్లలో దూసుకెళ్లి పేలే బాంబు, కట్టుకుని వెళ్లి శత్రువు ఓడ మీదకి వదలాలి. ఆ పెట్టెలకు ఇంగ్లీషులో ఫ్లోట్లు అంటారు. నేను రెండు నిఘంటువులు తిరగేసి 'ప్లవాలు' అని పేరు పెట్టుకున్నాను. పిల్లల పత్రికకు వ్యాసం రాద్దామని నా ఆలోచన.

మా ఇంటి నీళ్ల మోటారు బాగుచేయించడానికి వెళ్లిన రోజున ఆ పుస్తకం నా సంచిలో ఉంది. అతను అడక్కుండానే తీసి, నూనె చేతులతో తిప్పాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

"ఏంది సారూ, విమానానికి చెప్పులు తొడిగారు?"

"చెప్పులు కాదు. ప్లవాలు."

"పలావులా?"

అంతే. నా మాట ఆ షాపులోనే చచ్చిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ వేరే పేరుతో పిలవలేదు. చెప్పుల విమానం. పేపర్లో వేసింది కూడా అదే. వారం రోజులు వెతికి నేను పెట్టిన మాటను అతను ఒక్క చూపుతో కొట్టేశాడు.

మనమూ ఒకటి చేద్దాం సారూ అన్నాడు. ఎందుకన్నాను. "ఎందుకేంది, లెగుద్దో లేదో చూద్దాం" అన్నాడు. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత షాపు సగం తలుపు వేసుకుని, నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, అతను చేసేవాడు. మిగతా వారమంతా పుస్తకం షాపులోనే ఉండేది. అతనికి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూసుకునేవాడు.

పాత స్ప్రేయింగ్ ఇంజిన్ ఒకటి విప్పి బరువంతా తగ్గించాడు. వెదురు బద్దలతో చట్రం కట్టి, రెక్కలకు పాత రెయిన్‌కోటు గుడ్డ తొడిగాడు. ప్లవాలను, అంటే అతని చెప్పులను, నూనె డబ్బాల రేకుతో చేసి, అతుకుల దగ్గర సీసం కరిగించి మాటు వేశాడు. ఓడలో ఇరుకని ఆ రోజుల్లో రెక్కలు మడిచేవారట. ట్రాలీ ఆటోలో పట్టదని మేమూ మడిచాం. టార్పెడో మాత్రం చేయనన్నాడు.

"టార్పెడో లేకపోతే అది ఆ విమానమే కాదు," అన్నాను.

"మనకెవరితో యుద్ధం సారూ? అంతగా కావాలంటే మీ అర్జీలు చుట్టి కడదాం. యాడ పడ్డా పేలవు."

ఆ మాట ఏ వారం అన్నాడో, అప్పుడు షాపులో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఊరి బయట వదిలేసిన నాపరాళ్ల క్వారీ ఉంది. వాననీళ్లు నిండి, చుట్టూ రాతి గోడలతో, గాలి తగలక అద్దంలా ఉంటుంది. అక్కడికి తీసుకెళ్లాం. వెనక్కి లాక్కోవడానికి తోకకు నైలాన్ తాడు. మొదటిసారి ముక్కు నీళ్లలో పొడుచుకుంది. చెప్పులు ముందుకు జరిపాడు. రెండోసారి తోక మునిగింది. తోక కింద చిన్న చెప్పు ఇంకొకటి పెట్టాడు. ఆ నౌకాదళాల ఇంజనీర్లకూ సరిగ్గా ఇలాగే జరిగిందని మర్నాడు పుస్తకంలో చదివి చెప్పాను. "అట్నా? పాపం," అన్నాడు, వాళ్లు పక్క వీధి మెకానిక్కులైనట్టు.

మూడోసారికి నిటారుగా, చక్కగా పరుగెత్తింది కానీ పైకి లేవలేదు. అప్పుడు పుస్తకంలో నాకొక వాక్యం దొరికింది. 'స్టెప్' లేని ప్లవాలతో విమానం నీళ్లను వదలదని. స్టెప్ అంటే మెట్టు. ఇందులో అనుమానించాల్సిందేముంది? ఫ్లోటు మీద కాలు పెట్టి పైలెట్ ఎక్కడానికి మెట్టు కావాలి. అతను ఎక్కకపోతే విమానం నీళ్లను ఎలా వదులుతుంది? ఇద్దరు రైతులు వింటుండగా అంతా వివరించి, కాగితం మీద బొమ్మ గీసిచ్చాను.

అతను ఆ కాగితం చాలాసేపు చూశాడు. "పైనేనా సారూ, మెట్టు?"

"పైన కాక కింద ఉంటుందా? మెట్టు ఉండేది ఎక్కడానికి. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నా."

అతను తన బొటనవేలు గుడ్డతో తుడుచుకున్నాడు. "సరే సారూ. అదే చెప్పుద్ది," అన్నాడు.

మా విమానానికి పైలెట్ లేడు కదా అని నేనూ అనుకోలేదు, అతనూ అనలేదు. రెండు చెప్పుల మీదా చెరొక బుల్లి మెట్టు మాటు వేశాడు. అంత నాజూకు పని అతని చేతిలో మళ్లీ చూడలేదు. శుక్రవారం క్వారీకి తీసుకెళ్లాం. విమానం గుంట ఈ చివరి నుంచి ఆ చివరికి నీళ్లు చిమ్ముతూ పోయి రాతిగోడకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అంగుళం లేవలేదు. నీళ్లు దాని పాదాలు పట్టుకుని వదలనట్టే ఉంది.

చూడ్డానికి వచ్చిన ఓ రైతు అందుకున్నాడు. "మాస్టారూ, మెట్టు మీ ఇంటికి పనికొచ్చుద్దేమో, విమానానికైతే పనికిరాలా."

భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ట్రాలీ సీటు మీద ఉన్న నా పుస్తకం లాక్కుని, ఇక ఇది నా ఇంట్లోనే ఉంటుందని చెప్పి నడిచి వచ్చేశాను. ఆ పుస్తకం మళ్లీ ఆ షాపు గడప తొక్కలేదు.

సోమవారం ఉదయం పేజీలు తిప్పుతుంటే, నేను చదివిన చోటుకి చాలా పేజీల తర్వాత, ఫ్లోటును నిలువునా కోసి చూపిన బొమ్మ కనబడింది. మెట్టు కిందే ఉంది. అడుగున రేకు ముందు నుంచి సగం దాకా చదునుగా వచ్చి, అక్కడ ఒక్కసారిగా గడపలా పైకి విరిగి, మళ్లీ వెనక్కి సాగింది. చదునైన అడుగును నీళ్లు అంటిపెట్టుకుని పీలుస్తాయి. ఆ విరుపు దగ్గర గాలి దూరితే పట్టు విడిపోతుంది. ఎక్కేది పైలెట్ కాదు, విమానమే. నా తప్పు అర్థమైంది. సిగ్గుపడాల్సింది పోయి, సంతోషం పట్టలేకపోయాను. ఇప్పుడది నాకొక్కడికే తెలుసు. బొమ్మ మీద గ్రీసు మరక చూసి, పుస్తకమంతా పాడుచేశాడని అతన్ని తిట్టుకున్నాను కూడా.

వెళ్లి చెప్పలేదు. ఉన్న మాట రాస్తున్నాను. అతను రావాలి. ఒక్కసారన్నా నా గుమ్మంలో నిలబడి, 'ఇది మీరే చెప్పాలి సారూ' అనాలి. మంగళవారం ఎదురుచూశాను. బుధవారం, గురువారం చూశాను. రాలేదు.

శుక్రవారం వాన పడి వెలిసింది. ఇక ఆగలేక నేనే బయల్దేరాను. అతని షాపు ముందు నల్లరేగడి మట్టి ఎవరో పోసి వదిలేశారు. దాన్ని తీయించమని కూడా నేను అర్జీ పెట్టే ఉన్నాను. నా హవాయి చెప్పు అందులో దిగబడింది. లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు. ఒంటికాలి మీద నిలబడిపోయాను.

అతను లేచి వచ్చి, వంగి, నా చెప్పును రెండు చేతులతో ఊడబెరికాడు. దాని అడుగు చూశాడు. అదే బురదలో నిలబడ్డ తన కాలి వైపు చూసుకున్నాడు. అతనివి మడమ ఉన్న తోలు చెప్పులు. కాలు ఎత్తాడు, సులువుగా వచ్చింది. మళ్లీ పెట్టి, మళ్లీ ఎత్తాడు. షాపులో నలుగురు రైతులు చూస్తున్నారు.

"మీది చదును సారూ, అందుకే మట్టి పట్టింది. నాదానికి మడమ ఉంది, గాలి దూరుద్ది." నా చెప్పు చేతిలో పట్టుకునే నా ముఖంలోకి చూశాడు. "మన విమానం చెప్పుకి గూడా మడమ కావాలేమో. ఏం సారూ, పుస్తకంలో ఏమన్నా రాసిందా?"

నాలుగు రోజులుగా నా దగ్గరున్నదాన్ని నా చెప్పు పట్టుకుని నాకే చెబుతున్నాడు.

"అదే చెబుదామని వస్తున్నా. నాకు సోమవారమే తెలుసు," అన్నాను.

"అట్నా సారూ? మంచిది," అన్నాడు.

వెనక నుంచి వెల్దుర్తి రైతు, "అవునవును, మాస్టారికి అన్నీ సోమవారమే తెలుస్తయి," అన్నాడు. షాపంతా నవ్వింది. అతను నవ్వలేదు. నా చెప్పు కడిగి తెచ్చి కాలి ముందు పెట్టాడు.

అడుగున రేకు కోసి మడమ పెట్టాక, తర్వాతి శుక్రవారం అది లేచింది. నీళ్ల మీద చప్పుడు ఆగిపోయింది. ఇంజిన్ మోత మాత్రమే మిగిలింది. చెప్పుల నుంచి నీటి బొట్లు రాలుతూ, మనిషి ఎత్తున గుంట సగం దాటి, పెట్రోలు అయిపోయి మళ్లీ మెత్తగా కూర్చుంది. జనం అతన్ని భుజాల మీద ఎత్తారు. నేను నైలాన్ తాడు చుడుతున్నాను. ఎవరడిగినా అతను ఒకటే చెప్పేవాడు: "సారు చెప్పిన మెట్టే. కాకపోతే పైనుంచి కిందకి దింపాం." అలా అన్నప్పుడల్లా జనం నవ్వేవాళ్లు. పైన వేసిన ఆ రెండు మెట్లనూ అతను తీయలేదు, నన్ను నలుగురిలో గుర్తుచేయడానికే ఉంచాడనుకున్నాను. ఎనిమిదేళ్లు అలాగే అనుకున్నాను. అటువైపు వెళ్లడం తగ్గించాను. మోటారు పాడైతే ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లాను. అతను బాగుచేసినట్టు వాళ్లు చేయలేదు. అది కూడా అతని మీదే కోపంగా మారింది.

నాకు సోమవారమే తెలుసన్న సంగతి ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మా ఆవిడకు చెబితే, "తెలిస్తే సోమవారమే చెప్పకపొయ్యారా?" అంది.

అందుకే ఈ ఉత్తరం ముఖ్యం. ఆరో తప్పుకు, ఆ కిటుకు పుస్తకంలో ముందే ఉందనడానికి, రుజువు కావాలి. బొమ్మ ఉన్న పేజీ జిరాక్స్ తీయించి జతచేద్దామని ఎనిమిదేళ్ల తర్వాత ఆ పుస్తకం తీశాను. గ్రీసు మరక జిరాక్స్‌లో నల్లగా వస్తుందేమోనని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను.

మరక కాదది. బొటనవేలి ముద్ర. వెడల్పుగా, నల్లగా, మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. పేజీ తిప్పుతుంటే అంటింది కాదు. అడుగు రేకు విరిగిన చోట, సరిగ్గా ఆ మెట్టు కింద, అద్ది తీసినట్టు ఉంది.

క్వారీలో విమానం లేవని ఆ శుక్రవారమే పుస్తకాన్ని నేను ఇంటికి తెచ్చేశాను. ఆ తర్వాత అతను దాన్ని ముట్టుకోలేదు. అంటే ఆ ముద్ర అంతకు ముందుదే. నేను కాగితం మీద గీసిచ్చినప్పుడు, "పైనేనా సారూ?" అని అతను అడిగినప్పుడు, మెట్టు ఎక్కడుంటుందో అతనికి తెలుసు. తెలిసే అంత నాజూగ్గా పైన మాటు వేశాడు. తెలిసే క్వారీకి తెచ్చాడు. తెలిసే ఆ బురదలో నా చెప్పు పట్టుకుని, కాలు ఎత్తి దించుకుంటూ, పుస్తకంలో ఏమన్నా రాసిందా అని నలుగురి ముందూ నన్ను అడిగాడు. చెప్పమని. ప్లగ్గు కాదంటంది, ఇంకేదో నువ్వే చెప్పమని.

ఆ రైతు చెప్పగలిగాడు. నేను సోమవారం అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. నా పుస్తకాన్ని నాకంటే ముందు, ఇంగ్లీషు అక్షరం రాని మనిషి చదివేశాడు. చదివిన సంగతి చెప్పుకోకుండా ఎనిమిదేళ్లు బతికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు దాచలేక వీధిన పడ్డవాణ్ణి నేను. ఈర్ష్య తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. ఇంతకుముందు అతని చేతుల మీద ఉండేది, ఇప్పుడు ఇంకా పైకి, అతని మనసు దాకా పాకింది.

మా ఆవిడ గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చింది. "అయిందా? ఎన్ని తప్పులు తేలినయ్?"

"ఆరు."

"అన్నీ వాళ్లవేనా?"

మొదటి ఐదు తప్పులూ అలాగే ఉంచాను. ఐదో దాంట్లో, చదివి చెప్పింది నేనని రాసింది కొట్టేయబోయి కొట్టేయలేదు. అది నిజం. ఆరో దానికి కొత్త కాగితం తీసి ఇలా రాశాను: 'చెప్పును చూసి కనిపెట్టాడన్నది తప్పు. ఆ మేస్త్రికి అది అంతకు ముందే తెలుసు. పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నాడు. ఆ పుస్తకం యజమాని మెట్టు పైన ఉంటుందని తప్పు చెప్పగా, అతని పరువు పోకుండా చెప్పును అడ్డం పెట్టుకున్నాడు. సదరు యజమానిని నేనే. వేలిముద్ర నకలు జతచేశాను. సవరణ ప్రచురించగలరు.'

సంతకం పెట్టబోతూ, ఆ ముద్ర మీద నా బొటనవేలు ఆనించి చూశాను. చుట్టూ ఇంకా చాలా నలుపు మిగిలింది.